నిశ్శబ్దం కావాలి... నిర్మానుష్యం కాదు!

తిరుపతిలో నడిచేవాళ్లకు ఏనాడూ కొదవ లేదు. దేశం నలుమూలల నుంచీ వచ్చి, రైలు దిగీ దిగగానే అలిపిరి వైపు అడుగులు వేసేవాళ్లు రోజూ వేలమంది. పసుపు బట్టలతో, నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో గోవింద నామం చెప్పుకుంటూ కొండెక్కుతూనే ఉంటారు. వాళ్ల నడకకు ఓ కారణం ఉంది. పెళ్లి కుదిరిందనో, పరీక్ష గట్టెక్కిందనో, జ్వరం తగ్గిందనో... ప్రతి అడుగూ ఓ మొక్కు.

మరి ఈ ఊళ్లో కాపురముంటున్న ఆడవాళ్ల సంగతి? మనమూ నడుస్తాం. కూరగాయల మార్కెట్టుకు, పిల్లల బడికి, రేషను షాపుకు, శనివారం గుడికి. లెక్క వేస్తే రోజుకు రెండు మూడు కిలోమీటర్లు ఇట్టే తేలుతుంది. కాని ఆ నడకలో ఒక్క అడుగైనా మనదా? కూరల సంచీది, పిల్లాడి పుస్తకాల బ్యాగుది, పొయ్యి మీద సిమ్‌లో పెట్టి వచ్చిన పాలది!

"ఊరికే కాసేపు నడిచొస్తాను" అని ఇంట్లో ఓసారి అని చూడండి. "ఊరికేనా? ఊరికే యాడికి పోతావు?" అంటారు మా అత్తగారు. ఆవిడ తప్పేం లేదు. ఆవిడకు ఊరికే నడవడం తెలీదు, ఎవరూ తెలియనివ్వలేదు. డాక్టరు చెప్పాడంటే మాత్రం ఎవ్వరూ నోరెత్తరు. అంటే షుగరొస్తే గాని ఆడదానికి నడిచే హక్కు రాదన్నమాట!

కిందటి కార్తీకం నుంచీ మేం ముగ్గురం వారానికోరోజు నడుస్తున్నాం. నేను, మా పక్కింటి వదిన, ఉద్యోగ విరమణ చేసిన ఓ టీచరమ్మ. ఆదివారం కాదండోయ్, ఆదివారమే కదా మనకు పని ఎక్కువ! పిల్లలు బడికెళ్లే రోజుల్లో బుధవారం ఖాయం చేసుకున్నాం. ఊరు దాటకుండా, దాటినా పదీ పదిహేను కిలోమీటర్ల లోపలే, చెట్లూ నీళ్లూ ఉన్న దారులు ఎన్ని ఉన్నాయో వెతుక్కుంటూ పోయాం. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటూ ఇన్ని చూడకుండా ఎలా ఉన్నామా అనిపించింది.

ఒంటరి రోడ్డు నేర్పిన పాఠం

మొదట్లో మాకు ఒక్కటే కొలత. ఎక్కడ జనం లేకపోతే అది మంచి దారి. అలా ఓ మధ్యాహ్నం ఓ కాలనీ వెనక కొండవైపు పోయే మట్టిరోడ్డు పట్టుకున్నాం. రెండు పక్కలా తంగేడు పూసి పచ్చగా ఉంది. పిట్టల అరుపు తప్ప మరో చప్పుడు లేదు. పావుగంట బాగానే గడిచింది. ఇంతలో వెనకనుంచి ఓ స్కూటరు వచ్చి మా పక్కన మెల్లగా అయింది. ముందుకు పోయింది. మళ్లీ తిరిగి వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు. ఏమీ అనలేదు, నవ్వుకున్నారు. అంతే! తంగేడు పూలు కంటికి ఆనలేదు, పిట్టల కూత చెవికెక్కలేదు. వచ్చిన దారినే వేగంగా వెనక్కి తిరిగాం.

ఆ సాయంత్రం టీచరమ్మ అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తు. "నిశ్శబ్దం వేరు, నిర్మానుష్యం వేరు. మగవాళ్లకు రెండూ ఒకటే కావచ్చు. మనకు కాదు."

నిజమే కదూ! మనుషులే లేనిచోట మన చెవి పిట్టల కోసం కాదు, వెనక అడుగుల కోసం వింటుంది. ఇక ప్రశాంతత ఎక్కడిది? మనకు కావలసింది గోల లేని చోటు, కాని కనుచూపు మేరలో నలుగురైనా ఉన్న చోటు. ఊడ్చే ఆమో, పూలమ్మే అవ్వో, మనలాగే నడిచే మరో ఇద్దరో. ఈ కొలత పెట్టుకున్నాక దారులన్నీ మాకు వేరేగా కనిపించాయి.

విశ్వవిద్యాలయం చెట్ల నీడన

ఊరి మధ్యలోనే ఉన్న దారి ఇది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. కొండలకు ఎదురుగా, వెడల్పాటి రోడ్లు, వాటికి గొడుగుపట్టినట్టు పెద్ద పెద్ద చెట్లు. పొద్దున్నే వెళ్తే విద్యార్థులు, అధ్యాపకులు, చుట్టుపక్కల కాలనీల పెద్దవాళ్లు నడుస్తుంటారు. ఎవరి లోకం వాళ్లది. ఎవరూ ఎవర్నీ పట్టించుకోరు, అలాగని ఒంటరిగానూ ఉండం. మా కొలతకు సరిగ్గా సరిపోయింది.

తల పైకెత్తితే ఎదురుగా శేషాచలం. పొద్దుటి ఎండ ఆ ఎర్రని రాతి చరియల మీద పడుతుంటే రోజూ చూసే కొండే కొత్తగా ఉంటుంది. మా వదిన ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడే, "కొండను ఇంతసేపు చూసింది ఇదే మొదలు. ఎప్పుడూ దండం పెట్టుకుని తల దించుకునేదే!" అనింది.

ఓ జాగ్రత్త. ఈ మధ్య ఏళ్లలో కొండ కిందున్న ప్రాంగణాల్లోకి చిరుతలు వచ్చిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. కాబట్టి బాగా తెల్లారాకే బయల్దేరాలి. పొదలవైపు దారులు వద్దు, నలుగురూ తిరిగే రోడ్డే మేలు.

పిల్లల్ని కూడా తీసుకెళ్లాలంటే జంతుప్రదర్శనశాల ఉంది. 1987లో ఏర్పాటైన శ్రీ వేంకటేశ్వర జూ పార్కు రెండు వేల హెక్టార్లకు పైబడిన స్థలంలో ఉంది. పులినీ సింహాన్నీ చూసి వచ్చేయడమే మనకు అలవాటు. ఈసారి బోన్ల సంగతి కాసేపు మరిచిపోయి ఆ చెట్ల మధ్య రోడ్ల మీద నడవండి. టిక్కెట్టు డబ్బులు అక్కడే గిట్టుబాటవుతాయి.

అలిపిరి... గాలిగోపురం దాకా

"అలిపిరిలో నిశ్శబ్దమా?" అని నవ్వకండి. మొత్తం 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. అంతా ఎక్కి దర్శనం చేసుకురావడం ఓ పూట పని కాదు. మేం చేసేదేమిటంటే, పాదాలమండపం దగ్గర మొదలుపెట్టి గాలిగోపురం దాకా ఎక్కి దిగి రావడం. అదే రెండు వేల పైచిలుకు మెట్లు. నిట్టనిలువు భాగమంతా అక్కడే అయిపోతుంది.

శని, ఆదివారాల్లో, పండగల్లో అడుగుపెట్టడానికి చోటుండదు. వారం మధ్యలో, తెల్లారాక ఓ గంటకు వెళ్లి చూడండి. రాత్రి నడిచినవాళ్లు పైకి చేరిపోయి ఉంటారు. పగటి గుంపులు ఇంకా మొదలై ఉండవు. ఆ కాసేపే మనది. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే అమ్మాయిలు కనిపిస్తారు. తలయేరుగుండు దగ్గర రాయికి తల ఆనించి, మోకాళ్లు ఆనించి నొప్పులు పోవాలని మొక్కేవాళ్లు కనిపిస్తారు. భక్తులు నడిచే దారి కాబట్టి ఆడవాళ్లం ఇక్కడ ఎంతసేపు కూర్చున్నా "ఎందుకు కూర్చున్నారు?" అనేవాళ్లు లేరు. ఈ ఒక్క సౌకర్యం ఊళ్లో ఏ పార్కులోనూ లేదు!

మెట్ల పక్కన అటుకులూ మరమరాలూ అమ్ముకునే ఒకామె మమ్మల్ని రెండు మూడు వారాలు గమనించి, "ఏం మా, సగం దాకా ఎక్కి దిగి పోతా ఉండారు, సామిని చూసేదానికి పోరా?" అని అడిగింది. "ఊరికే నడిచేదానికి వస్తామమ్మా" అంటే కాసేపు మా వంక చూసి, "మంచిదే. నాకూ పొద్దుపోయినంక ఈ చెట్ల కింద కుచ్చుంటే ఇంటికి పోబుద్ధి కాదు" అనింది. ఊరికే అన్నమాటను అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆవిడే!

శ్రీవారి మెట్టు... అడవికి దగ్గరగా

మాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇది. తిరుపతి నుంచి చంద్రగిరి వైపు పన్నెండు కిలోమీటర్లు వెళ్తే శ్రీనివాసమంగాపురం. అక్కణ్ణుంచి లోపలికి ఐదు కిలోమీటర్లు. మెట్లు 2,388. దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, కాని ఎక్కుడు గట్టిది. పద్మావతీ శ్రీనివాసులు పెళ్లయ్యాక మంగాపురంలో ఆరు నెలలు గడిపి, ఈ దారినే కొండెక్కారని పెద్దలు చెబుతారు. చంద్రగిరిలో విడిది చేసిన విజయనగర రాజులకూ ఇదే దగ్గరి దారి అంటారు.

2021 నవంబరు వానలకు కొండచరియలూ బండరాళ్లూ పడి ఈ మెట్లు చాలాచోట్ల కొట్టుకుపోయాయి. బాగుచేసి 2022 మేలో మళ్లీ తెరిచారు. వాన పడితే కొండ ఎంత బలంగా కిందికి దిగగలదో ఆ ఏడాది తిరుపతిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. వీధులన్నీ ఏరులైపోయాయి కదా!

ఇక్కడి చెట్లను చూడాలి. ఎర్రచందనం పేరు వినని వాళ్లం లేము. కాని చెట్టును గుర్తుపట్టగలవాళ్లం ఎంతమందిమి? బెరడు మొసలి చర్మంలా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. ఎండాకాలం మొదట్లో పసుపు పూలు పూస్తుంది. కాయ గుండ్రంగా, చుట్టూ పలచని రెక్కతో ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది శేషాచలం, వెలిగొండ, పాలకొండ... ఇలా మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. నేరేడు జాతికి చెందిన మొగి, కొండ గుగ్గిలం కూడా ఎక్కువగా ఈ కొండల్లోనే కనిపించే చెట్లు. అదృష్టముంటే పసుపు గొంతు పిగిలిపిట్ట కనబడుతుంది. మామూలు పిగిలిపిట్టలా జనం మధ్యకు రాదు. రాతి గుట్టలున్న అడవుల్లోనే ఉంటుంది. రాళ్ల సందుల్లో బంగారు బల్లులుంటాయి. అవి రాత్రి తిరిగేవి కాబట్టి మనకు కనబడవు గాని, ఉన్నాయని తెలిస్తే ఆ రాయిని చూసే చూపే మారుతుంది.

ఈ అడవుల్లో 353 చదరపు కిలోమీటర్ల మేర 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఏర్పడింది. 2010లో శేషాచలం కొండల్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అందుకే మెట్లు వదిలి లోపలికి పోకూడదు. ఎర్రచందనం దొంగతనాలు జరిగే అడవి కూడా ఇదే. ఆ నిశ్శబ్దం వెనక గొడ్డలి చప్పుడూ ఉందని మరవొద్దు.

బస్సు కిటికీలోంచి కోట్ల ఏళ్లు

పైదాకా ఎక్కిన రోజున కిందికి బస్సులో వస్తాం. మోకాళ్లకు దిగడమే కష్టం మరి! ఆ ఘాట్ రోడ్డులో ఓ వింత ఉంది. ఓచోట కొండను నిలువునా కోసినట్టు కనిపిస్తుంది. కింద గుండుగా, పొరలు లేని గ్రానైట్ రాయి. దానిమీద అట్లు పేర్చినట్టు పొరలు పొరలుగా మరో రాయి. రెండూ కలిసేచోట ఓ గీత. కింది రాయి ఏర్పడ్డాక పై రాయి మొదలవడానికి మధ్య గడిచిన కాలం కొన్ని పదుల కోట్ల ఏళ్లు! ఆ గీతను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. తిరుమల గుడికి కిలోమీటరు దూరంలో ఉన్న శిలాతోరణానికీ అదే గౌరవం దక్కింది. గాలీ నీరూ చెక్కిన తోరణం అది.

ఎన్నేళ్లుగానో ఆ గీత పక్కనుంచే బస్సులో వెళ్తున్నాం, పులిహోర పొట్లం విప్పుకుంటూ!

చిరుతది తప్పా?

ఈ సంగతి చెప్పకుండా నడవండని చెప్పడం న్యాయం కాదు. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో నరసింహస్వామి గుడి దగ్గర ఓ ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. అంతకు రెండు నెలల ముందు ఓ చిన్నబాబును పట్టుకుపోతే అదృష్టవశాత్తూ బతికి బయటపడ్డాడు. ఆ తల్లి కడుపుకోత తల్చుకుంటే ఇప్పటికీ మనసు వికలమవుతుంది. ఆ తర్వాత బోన్లు పెట్టి కొన్ని చిరుతల్ని పట్టుకున్నారు. పిల్లలతో నడిచేవాళ్లను మధ్యాహ్నం రెండు దాటాక పంపకూడదన్నారు. భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. గుంపులుగా వెళ్లమన్నారు.

చాలామంది దీంతో నడకే మానేశారు. మా ఇంట్లోనూ "ఇంకేం నడకలు" అన్నారు. కాని కాస్త ఆలోచిద్దాం. అది అడవి, చిరుత ఇల్లు. మనం తినగా పారేసిన ఇడ్లీ ముక్కలకూ, పళ్ల తొక్కలకూ కోతులు, కుక్కలు, అడవిపందులు చేరతాయి. వాటికోసం చిరుత వస్తుంది. సందె వేళ పొద దగ్గర ఓ చిన్న రూపం కదిలితే దానికి మనిషి పిల్లా మరోటా తెలీదు. కోతికి అరటిపండు అందిస్తే పుణ్యం వస్తుందనుకుంటాం. ఆ చేత్తోనే చిరుతకు దారి చూపిస్తున్నామని ఎవరు చెప్పాలి? వంటింట్లో ఎంగిలి మూత పెట్టకపోతే పిల్లి వస్తుందని మనకు తెలుసు. కొండకూ అదే నియమం.

నీళ్లు చూడాలంటే

కార్తీకంలో వానలు బాగా పడితే కపిలతీర్థంలో కొండమీంచి నీళ్లు దూకుతాయి. ఊళ్లోనే ఉన్న జలపాతం అది. పొద్దున్నే వెళ్తే ఆ హోరు తప్ప మరేం వినపడదు. హోరుగా ఉన్నా మనసుకు అది నిశ్శబ్దమే!

చంద్రగిరి దారిలో తొండవాడ దగ్గర భీమ, కల్యాణి, స్వర్ణముఖి కలుస్తాయి. ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే, వానలకే నీళ్లు. గుడికి వచ్చే పోయే వాళ్లుంటారు కాబట్టి ఒంటరితనం లేదు. ఇంకాస్త ముందుకు పోతే చంద్రగిరి కోట. రాజమహల్ వెనక కొండ, చుట్టూ పచ్చిక. రాజుల కథ ఒక్కరోజులో చూసేయవచ్చు గాని, ఆ పచ్చికలో నడవడానికి మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

అసలు అడవి చూడాలనుకునేవాళ్లకు తిరుమలలో తీర్థ ముక్కోటి రోజులున్నాయి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. ఆ రోజుల్లో వేలమంది అడవిదారిన నడుస్తారు. నిశ్శబ్దం ఉండదు, కాని ఒంటరిగా ఎన్నడూ వెళ్లలేని అడవిలోకి ఆడవాళ్లం ధైర్యంగా వెళ్లి రాగలిగే రోజులవి.

ఎందుకిదంతా?

జపానులో 1982లో అక్కడి అటవీశాఖ ఓ మాట పుట్టించింది. షిన్రిన్‌యోకు, అంటే అడవి స్నానం. ఏ పనీ పెట్టుకోకుండా చెట్ల మధ్య మెల్లగా తిరిగి రావడం. మన అమ్మమ్మలకు ఇది కొత్తేం కాదు. కార్తీక మాసం వనభోజనాలు మరేమిటి? కాకపోతే వాళ్లు ఉసిరి చెట్టు కిందకు వెళ్లినా గిన్నెలు మోసుకెళ్లి, వండి, వడ్డించి, తోముకుని వచ్చారు. చెట్టునీడ అందరికీ దొరికింది, వాళ్లకు తప్ప. మన తరంలోనైనా చేతులు ఖాళీగా వెళ్లొద్దూ?

నాకైతే ఈ నడకల వల్ల నడుం తగ్గలేదు. తగ్గాలని వెళ్లనూ లేదు. వారానికి రెండు గంటలు నన్నెవరూ ఏమీ అడగరు. "అమ్మా, నా సాక్సు ఏదీ?" అని వినపడదు. మొదటి రెండు వారాలూ అదేదో తప్పు చేస్తున్నట్టుండేది మా వదినకు. ఇప్పుడు బుధవారం వస్తే ఆవిడే ముందు తలుపు తడుతుంది.

బయల్దేరే ముందు

* ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి. వెళ్లే చోటూ, తిరిగొచ్చే వేళా ఇంట్లో చెప్పండి.
* తెల్లారాక బయల్దేరి ఎండ ముదరక ముందే తిరిగి రండి. సందె వేళ కొండదారులు వద్దు.
* కాలిబాటల వేళలూ నిబంధనలూ అప్పుడప్పుడు మారుతుంటాయి. మొదట్లోనే కాపలావాళ్లను అడగండి.
* చెవుల్లో పాటలు పెట్టుకోకండి. అడవి మాట మనకు వినపడాలి.
* నీళ్లు స్టీలు సీసాలో పట్టుకెళ్లండి. తినేవి తెచ్చుకుంటే తొక్కతో సహా ఇంటికి తిరిగి రావాలి.
* కోతులకూ జింకలకూ ఏదీ పెట్టకండి.
* మోకాళ్ల నొప్పులు, ఆయాసం, బీపీ ఉన్నవాళ్లు ముందు విశ్వవిద్యాలయం రోడ్ల మీద అలవాటు చేసుకుని, తర్వాతే మెట్ల జోలికి వెళ్లండి.

ఇక మనం అడగాల్సినవీ కొన్ని ఉన్నాయి. ఏ నడకదారి వేసినా రంగు బల్లలు, బొమ్మల ఫౌంటెన్లు పెడుతున్నారు గాని శుభ్రమైన ఆడవాళ్ల మరుగుదొడ్డి పెట్టాలని ముందుగా తోచదు. అది లేక సగం దారిలోనే తిరిగొచ్చిన రోజులున్నాయి మాకు. ఓ మరుగుదొడ్డి, ఓ కుళాయి, కాపలాకు ఓ ఆడమనిషి. ఈ మూడూ ఉంటే చాలు, ఎంతమంది వస్తారో చూడండి.

ఎందుకంటే ఒంటరి దారి క్షేమంగా మారేది గేటు వేయడం వల్ల కాదు, నడిచేవాళ్ల వల్ల. ఆ తంగేడు దారికి మేం మళ్లీ వెళ్లలేదు. ముగ్గురం చాలం. పదిమందిమైతే మాత్రం వెళ్తాం. కాలనీలో ఇద్దరు ఇప్పటికే వస్తామన్నారు. ఇంకో ఐదుగురు కావాలి. తంగేడు ఎలాగూ మళ్లీ పూస్తుంది... మీ వీధిలోనూ అలాంటి దారి ఒకటి ఉండే ఉంటుంది, ఎంతమందిమి కావాలో లెక్కేసుకోండి మరి!